నడిచిపోయేవాళ్ళ లెక్క

రైల్వేలో పనిచేసి రిటైరయ్యానని చెప్పగానే ఎవరైనా అడిగేది ఒకటే. డ్రైవరా, గార్డా, స్టేషన్ మాస్టరా? మూడూ కాదంటే మొహం కాస్త వాడుతుంది. పోనీ టిక్కెట్లు ఇచ్చేవారా అని ఇంకో అవకాశం ఇస్తారు. అదీ కాదంటే ఇక నా మీద ఆశ వదులుకుని కాఫీ తాగి వెళ్ళిపోతారు.

నేను చేసింది ట్రాఫిక్ సర్వే. ఎక్కడైనా కొత్త లైను వేయాలని ప్రతిపాదన వస్తే, పట్టాలు పడకముందే, అసలు పడతాయో లేదో తేలకముందే, ఆ దారిలో ఎందరు ఎక్కుతారు, ఎంత సరుకు పోతుంది అని ఊరూరా తిరిగి అంచనా కట్టే పని. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మా ఆవిడ జీవితమంతా ఎగతాళి చేసింది. ఆమె తప్పేమీ లేదు. నేను ప్రయాణికులను లెక్కగట్టిన మార్గాల్లో చాలావాటి మీద ఇప్పటికీ కంపచెట్లే ఉన్నాయి.

ఈ మధ్య మా వీధి చివరి ఇంటి అమ్మాయి ఇదే పనిలో చేరింది. వెళ్ళే ముందు పలకరించడానికి వచ్చి, "ఇప్పుడంతా కంప్యూటరే కదా తాతయ్యా, మీ కాలం కబుర్లు మాకేం పనికొస్తాయి?" అని నవ్వుతూనే అడిగింది. ఆ పూటకు నేనూ నవ్వాను గానీ, ఆమె వెళ్ళాక కోపం వచ్చింది. కోపంలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో లేవు. వాటితో ఎవరికీ పని లేదు.

మా లైను

నేను దొనకొండలో పుట్టాను. నాయన లోకోషెడ్డులో ఖలాసీ. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే చిన్న పట్టాల లైను అది. మా అమ్మ ఎసరు పెట్టేది ఇంజను కూతను బట్టే. మార్కాపురం రోడ్డు స్టేషన్లో పలకల కట్టలు ఎక్కించేవారు, గిద్దలూరులో వెదురు ఎక్కేది, దిగువమెట్ట దాటితే కిటికీలోంచి అడవి చల్లగాలి వచ్చేది. ఆ బండి గట్టిగా పరిగెత్తేది కూడా కాదు. ఎత్తులో మూలుగుతూ పోతుంటే పడుచువాళ్ళు దిగి రేగుపళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కేవారు. అయినా ఆ బండి కూత కోసం ఇప్పటికీ నా చెవులు ఎదురుచూస్తాయి. ఈ వయసులో దాచుకునేదేముంది, ఆ శబ్దం మీద నాకు బెంగ.

ఊరికి పట్టాలున్నవాళ్ళకు పట్టాలు లేని ఊళ్ళ సంగతి తెలియదు. నాకూ తెలియదు. మా లైనుకు దక్షిణాన పొదిలి, కనిగిరి వైపు ఒక పెద్ద మెట్ట దేశం ఉందని, అక్కడి జనం మా ఇంజను పొగను దూరం నుంచి చూసి వానమబ్బేమో అనుకుంటారని, ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

అప్పుడే ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చింది. కర్నూలు రాజధాని. ప్రభుత్వ కచేరీలు డేరాల కింద నడుస్తున్నాయని చెప్పుకునేవారు. మన రాష్ట్రం మనకొచ్చింది, ఇక రోడ్డు, రైలు, నీళ్ళు అన్నీ వస్తాయని జనం గట్టిగా నమ్మిన రోజులు. అడగందే అమ్మైనా పెట్టదని ప్రతి ఊరూ అర్జీ పెట్టింది. ఆ అర్జీల్లో మార్కాపురం రోడ్డు నుంచి కొనకనమిట్ల, పొదిలి మీదుగా కనిగిరికి కొత్త లైను కావాలన్నది ఒకటి. రాష్ట్రం సిఫారసు చేయాలి, ఢిల్లీ డబ్బివ్వాలి, ఈ రెంటికీ ముందు మేం పోయి ఆ లైను గిట్టుతుందా లేదా తేల్చాలి. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. రెండు జిల్లాలకూ ఆ లైను కావాలి, దానికోసం తిరిగే పని మాత్రం అవతలి జిల్లాదే అనుకున్నారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందంటారే, అట్లా.

సుబ్బారాయుడుగారు

మా సర్వే పార్టీకి పెద్ద సుబ్బారాయుడుగారు. గోదావరి జిల్లా మనిషి. బక్కగా, పొడుగ్గా, గొడుగు లేకుండా ఎండలో నడిచేవారు. మాకు డేరాలు మోసే రెండెడ్ల బండి ఉండేది గానీ ఆయన దాన్ని ఎక్కడం నేను చూడలేదు. బండెక్కితే ఊరు కనబడదయ్యా, ఎడ్ల తోకలే కనబడతాయి అనేవారు. మధ్యాహ్నం ఎక్కడుంటే అక్కడ మజ్జిగన్నం, ఉల్లిపాయ. తిట్టడంలో మాత్రం ఏ లోటూ చేయలేదు.

ఆయన పెట్టిన రూలు ఒకటుంది. చెవితో విన్నది రాయొద్దు, కంటితో చూసింది రాయి. ఆ రూలు విలువ నాకు మొదటి వారంలోనే తెలిసింది.

ఒక బజారు ఊరి బయట, రోడ్డు పక్క చింతచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి, పోయే సరుకు బండ్లు లెక్కపెట్టమన్నారు. పొద్దున్నుంచీ బండ్లు వస్తూనే ఉన్నాయి. ఆముదాలు, వేరుశెనగ, తోళ్ళు. ఈ లైను రాకుండా ఎవడాపుతాడని నాకు ఉత్సాహం వచ్చేసింది. మధ్యాహ్నం ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నారు. కాసేపు చూసి, "ఏమయ్యా కోటేశ్వరరావూ, ఈ తాలూకాలో ఎద్దులన్నిటికీ ఎడమ కొమ్ము విరిగి ఉంటుందా?" అని అడిగారు.

అప్పుడు చూశాను. ఒంటికొమ్ము ఎద్దు ఒకటి బండి లాక్కుంటూ పోతోంది. అదే ఎద్దు పొద్దున కూడా పోయింది. ఊరి వర్తకులు చందాలు వేసుకుని కొన్ని బండ్లు మాట్లాడి, నా ముందు నుంచి పోయినవాటినే గుట్ట చుట్టూ తిప్పి మళ్ళీ మళ్ళీ పంపిస్తున్నారు. ఊరివాళ్ళు దొరికిపోయాక కూడా సిగ్గుపడలేదు. "రైలు కోసం ఆ మాత్రం తిరగొద్దా సారూ" అన్నాడు బండివాడు. సుబ్బారాయుడుగారు నవ్వి ఎద్దుకు నీళ్ళు పెట్టమని చెప్పి, ఆ రోజు లెక్క మొత్తం చించేశారు.

పల్లెల్లో సంగతి పూర్తిగా వేరు. అక్కడ నోట్లోంచి మాట రాలేది కాదు. ఎంత పండింది అని అడిగేవాడు ఎవడైనా శిస్తు పెంచడానికో, ధాన్యం లెవీ పట్టుకుపోవడానికో వచ్చినవాడే అని వాళ్ళకు అనుభవం. అందుకని జొన్నలు గాదె నిండా పెట్టుకుని కూడా గింజ లేదనేవారు. బజారులో ఉన్నదానికి రెట్టింపు చెబుతారు, పల్లెలో ఉన్నదాంట్లో సగం దాస్తారు. రెండూ కలిపి మధ్యలో ఏదో ఒకటి రాసేద్దామనే సర్వేయరును నేను తరువాత చాలామందిని చూశాను. అది సర్వే కాదు, సోమరితనం. ఎక్కువ చెప్పేవాడికి ఆశ, తక్కువ చెప్పేవాడికి భయం. ఏది ఎందుకని తెలుసుకోకుండా అంకె రాయకూడదు.

పోలయ్య మామ మంద

కొనకనమిట్లకు దక్షిణంగా గుట్ట వారన ఒక చిన్న పల్లె. గొర్రెలు, మేకలు, కాస్త మెట్ట సేద్యం. ఎడ్లున్న ఇళ్ళు తక్కువ. ఆ పల్లెలో మందల పెద్ద పోలయ్య. చెవులకు పోగులు, భుజాన గొంగడి, చేతిలో దుడ్డుకర్ర. వరసలు కలుపుకోవడంలో మా ప్రాంతం వాళ్ళకు ఆలస్యం ఉండదు కదా, నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు.

"గొర్రెలెన్నుండాయి మామా?"

"ఉండాయి."

"ఎన్ని?"

"ఉండాల్సినన్ని ఉండాయి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. శిస్తు భయమేమో అనుకుని, ఇది రైలు కోసమని, పన్నుకు సంబంధం లేదని నచ్చజెప్పాను. పోలయ్య మామ తల అడ్డంగా ఊపాడు.

"పన్ను కాదు అల్లుడా. మంద లెక్క నోటితో చెప్పగూడదు. మా తాత చెప్పలా, మా నాయన చెప్పలా. చెప్పినోడి మంద నిలబళ్ళా."

"మరి ఒకటి తప్పిపోతే ఎట్ల తెలుస్తుంది?"

"నీ ఇంట్లో అన్నాల కాడ ఒకరు రాకపోతే నువ్వు లెక్క పెట్టుకుంటావా ఏంది? మొగం కనపడకపోతే తెలియదా?"

నేను కాగితాలు మడిచాను. లేవబోతుంటే అరుగు మీద నుంచి ఆడమనిషి గొంతు వినిపించింది. పోలయ్య మామ భార్య గురవమ్మ. ఒక కాలు చాపుకుని కూర్చుని ఉన్ని వడుకుతోంది. చిన్నప్పుడు దిగుడుబావి మెట్ల మీద పడి తుంటి చెడిందట. ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తుంది, వీధి దాటి పోలేదు.

"ఈ రైలు గిద్దలూరు పోతాదా అబ్బయ్యా?"

"మార్కాపురం రోడ్డులో మారితే పోతుందత్తా."

"మారేదంటే దిగి ఇంకోదాంట్లో ఎక్కేదేనా? అంతేనా?"

"అంతే."

ఆమె కదురు పక్కన పెట్టింది. ఒక్కగానొక్క కూతురు చెన్నమ్మను గిద్దలూరు ఇచ్చారు. మొదటి కాన్పు పుట్టింట్లో కావాలి. తీసుకురావాల్సిన నెలలో వానలు పట్టుకుని వాగులు పొంగాయి, అక్కడే కాన్పయింది. ఆ తరువాత చెన్నమ్మ అత్త మంచాన పడింది, ఇల్లు కదలడానికి లేదు. పోలయ్య మామ మాత్రం ప్రతి ఎండాకాలం మందను నల్లమల వైపు తోలుకుపోతూ గిద్దలూరులో ఆగి కూతుర్ని చూసి వస్తాడు.

"ఏటా గొర్రెలు పోయి దాన్ని చూసొస్తాయి," అంది గురవమ్మ అత్త. "నేను కన్నదాన్ని. నేను పోలా. దాని బిడ్డ ఎట్లుందో ఈయన్ని అడిగితే, బాగుంది అంటాడు. ముక్కు ఎవరిది వచ్చిందో చెప్పలేడు." అంటూ భర్త వైపు తిరిగింది. "చెప్పరాదా ఏందయ్యా. చెప్తే రైలొస్తాదంట."

పోలయ్య మామ కర్రతో నేల గీశాడు. చివరికి, "నేను చెప్పేది లేదు," అన్నాడు. "తెల్లారి దొడ్డి కాడికి రా. నువ్వు చూసుకుంటే చూసుకో."

మర్నాడు పొద్దున వెళ్ళాను. కంపదొడ్డికి ఒక గొర్రె పట్టేంత సందు తీశాడు. తీసి, దొడ్డికి వీపు పెట్టి, గుట్ట వైపు తిరిగి నిలబడ్డాడు. "పెదిమలు కదిలియ్యొద్దు" అని నాకు ఒక్క మాట చెప్పాడు. గొర్రెలు ఒకటొకటే బయటికి వస్తున్నాయి. నేను ఒక జేబు నిండా గులకరాళ్ళు పోసుకుని, గొర్రెకొక రాయి రెండో జేబులోకి మార్చుకుంటూ నిలబడ్డాను. దుమ్ములో గిట్టల చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరి గొర్రె దాటేదాకా ఆయన వెనక్కి తిరగలేదు. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. పడరానిది చెవిన పడుతుందేమోనని భయపడే మనిషిలా నిలబడ్డాడు.

ఎన్నో ఇక్కడ కూడా చెప్పను. ఆయనకు మాటిచ్చాను.

పోలయ్యే దొడ్డి తీసినాక మాకేంది అని మిగతావాళ్ళూ తీశారు. చుట్టుపక్కల పల్లెలూ తీశాయి. అందరూ గుట్ట వైపే తిరిగి నిలబడ్డారు. నా చొక్కా జేబులు రాళ్ళకు చిరిగిపోయాయి. అంత సంతోషంగా నేను మళ్ళీ ఏ సర్వే చేయలేదు.

ఎర్ర పెన్సిలు

కొనకనమిట్ల డేరాలో సుబ్బారాయుడుగారు నా కాగితాలు చూశారు. ఎర్ర పెన్సిలు తీసి గొర్రెల వరస మొత్తం అడ్డంగా కొట్టేశారు.

"ఇవి ఇప్పుడెట్లా పోతున్నాయి సంతకు?"

"నడిచి పోతున్నాయండీ."

"రైలొస్తే?"

నేను రైల్లో పోతాయి అనబోయి ఆగాను. కాళ్ళున్న గొర్రెను బాడుగ కట్టి వ్యాగనెక్కించేవాడెవడు?

"బండి మీదనో లారీ మీదనో పోతున్న సరుకే రైలుకు మళ్ళుతుందని లెక్క కడతాం. నడిచేది సరుకు కాదయ్యా. మనుషులకైనా అంతే. ప్రయాణం చేస్తున్నవాళ్ళే ప్రయాణికులు."

కంటితో చూసింది రాయమన్నారు కదా, చూసే రాశానని నేను వాదించాను. వాళ్ళు తాతల నాటి కట్టుబాటు మాకోసం పక్కన పెట్టారని చెప్పాను. గొంతు కూడా పెంచినట్టున్నాను. ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు. "పద, నేనే చెబుతాను. ఉత్త ఆశ పెట్టి పోవడం నా వల్ల కాదు" అని చెప్పులు తొడుక్కున్నారు.

పోలయ్య మామ అంతా విన్నాడు. "అయితే నేను అట్ల తిరిగి నిలబడింది దేనికి దొరా?" అన్నాడు. కోపంగా అనలేదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగాడు. సుబ్బారాయుడుగారు రూలు వివరించబోయారు. అరుగు మీది నుంచి గురవమ్మ అత్త అడ్డం వచ్చింది.

"నడిచేవాటికి రైలక్కర్లే. సరే అయ్యా, ఒప్పుకుంటి. నడవలేని దానికి?"

ఆయన ఆమె చాపిన కాలు వైపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ప్రయాణం చేసినవాళ్ళనే రాయగలనమ్మా. మీరు చేయలేదు."

"చేసేదానికి రైలు లేదు గదయ్యా."

డేరా దగ్గరికి తిరిగి వచ్చాక ఆయన, ఏదో గుర్తొచ్చినట్టు, "బియ్యం అయిపోయాయంటున్నారు. రేపు మన ఎడ్లబండి తర్లుపాడు స్టేషన్ దాకా పోవాలి. పోయేటప్పుడు ఖాళీగా పోవడం దేనికి?" అన్నారు. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. టిక్కెట్టు డబ్బులు ఆయన తన జేబులోంచే ఇచ్చారు. "నువ్వు గిద్దలూరు స్టేషన్లో వెదురు వ్యాగన్ల సంగతి చూడాలి కదా, ఆవిడకు తోడు పో."

వెదురు సంగతి నేను అంతకుముందు నెలే చూశాను. ఆ మాట ఆయనకు గుర్తు చేయలేదు.

తర్లుపాడు నుంచి గిద్దలూరు దాకా

గురవమ్మ అత్త మనుమరాలి కోసం తను వడికిన ఉన్నితో నేయించిన చిన్న గొంగడి, నువ్వుల ఉండలు, ఒక కుండలో మజ్జిగ మూటగట్టుకుని బండెక్కింది. పోలయ్య మామ ఊరి పొలిమేర దాకా వచ్చాడు. "మొగం కడుక్కుని దిగు, బొగ్గు పడతాదంట" అని చెప్పాడు. భార్యకు ఆయన చెప్పిన వీడుకోలు అదే.

తర్లుపాడులో రైలు ఆగినప్పుడు ఆమె భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. నా భుజం, బండివాడి భుజం పట్టుకుని మెట్లెక్కి, కిటికీ పక్కన కాలు చాపుకుని కూర్చుంది. బండి కదిలాక చాలాసేపు కిటికీ చువ్వ వదల్లేదు.

"నేను కూసోనుండా. ఊళ్ళు నడుస్తుండాయి," అంది ఉన్నట్టుండి.

కంభం చెరువు కనిపించినప్పుడు అంత నీళ్ళు చూసి, ఇది మా వైపుకు కొంచెం ఒంపరాదా అని నవ్వింది. తరువాత నవ్వలేదు. ప్రతి స్టేషన్లో ఇదేనా, ఇదేనా అని అడిగింది. కాదనేసరికి కొంగుతో మొహం తుడుచుకునేది, మామ చెప్పిన బొగ్గు కోసం.

గిద్దలూరు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. చెన్నమ్మ ఇల్లు స్టేషనుకు కూతవేటు దూరమే. ఒంటెద్దు బండి మాట్లాడి తీసుకెళ్ళాను. చెన్నమ్మ వాకిట్లో మేకపిల్లకు పాలు పడుతోంది. తలెత్తి చూసింది. పాలగిన్నె కింద పెట్టడం మర్చిపోయింది.

"అమ్మా, ఎట్ల వచ్చినావే? నాయన ఎత్తుకొచ్చినాడా?"

"రైలెక్కి వచ్చిన," అంది గురవమ్మ అత్త, రోజూ ఎక్కే మనిషిలాగా. ఆ వెంటనే, "ఇంత చిక్కినావేందే, తింటున్నావా లేదా" అని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే ఏడ్చింది. లోపలి నుంచి ఒక పిల్ల వచ్చి తల్లి చీర పట్టుకుని నిలబడింది. గురవమ్మ అత్త ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం ఎత్తి చూసి, "ముక్కు నాదే" అంది.

అక్కడ ఇంకొక్క నిమిషం ఉంటే నేనూ ఏడ్చేవాణ్ణి. మా అమ్మ పోయి అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. టీ తాగాలని చెప్పి వచ్చేశాను.

వారం తిరిగేలోగా ఆమెను మళ్ళీ తర్లుపాడులో దించుకుని ఇంటికి చేర్చాం. డేరాకు రాగానే సుబ్బారాయుడుగారు అడిగారు.

"ఆవిడ ప్రయాణం చేసిందా?"

"చేసిందండీ."

"కంటితో చూశావా?"

"చూశానండీ."

"అయితే రాయి."

ఆ పల్లె పేరుకెదురుగా, ప్రయాణికుల గడిలో, నేను సున్నా పెట్టిన చోట, ఒకటి అని రాశాను. ఆయన ఎర్ర పెన్సిలు ముట్టుకోలేదు. తరువాత ఆ వైపు వెళ్ళినప్పుడు ఈ సంగతి గురవమ్మ అత్తకు చెప్పాను. "నన్ను రాసినారా? కాగితం మీదనా?" అని రెండుసార్లు అడిగింది. ఊళ్ళో అందరికీ చెప్పుకుంది.

గిట్టదు

రిపోర్టు పైకి పోయేసరికి రాష్ట్రం ఇంకా పెద్దదైంది, రాజధాని హైదరాబాదుకు మారింది. ఎవరి బల్ల మీద ఆగిందో, ఎన్నాళ్ళు ఆగిందో నాకు తెలియదు. జవాబు మాత్రం వచ్చింది. ఈ లైను వేస్తే పెట్టిన డబ్బుకు రాబడి చాలదు, ప్రస్తుతానికి గిట్టదు. నిధులు ఆనకట్టలకు, ఉన్న లైన్లను బాగుచేయడానికి పోయాయి. అవీ అవసరమే, కాదని ఎట్లా అంటాను? పొలానికి నీళ్ళొద్దని రైలడిగే బుద్ధిహీనుణ్ణి కాను. కానీ ఆ రోజు నుంచి ఒక సంగతి నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. రైలు లేని చోట రాకపోకలుండవు. రాకపోకలు లేని చోటికి రైలివ్వరు. ప్రజల డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పే లెక్కలో, పోతున్నవాళ్ళకే గడి ఉంది. పోవాలని ఉండీ పోలేనివాళ్ళకు గడి లేదు.

సుబ్బారాయుడుగారికి ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. రిపోర్టు చివర ఆయన సొంత మాటగా నాలుగు వాక్యాలు రాశారు, ఈ ప్రాంతాన్ని ఇప్పుడున్న రాకపోకలతో కొలవకూడదని. ఆయన బదిలీ అయి వెళ్ళే రోజున, ఎవరైనా చదివారంటారా అని అడిగాను. "చివరి పేజీ చదివేవాడైతే మొదటి పేజీకే సంతకం పెట్టడయ్యా" అన్నారు. ఆ తరువాత ఆయన్ను నేను చూడలేదు. ఇంత తిట్టినవాళ్ళు, ఇంత ప్రేమ దాచుకున్నవాళ్ళు నాకు మళ్ళీ పైఅధికారులుగా దొరకలేదు.

గిట్టదన్న మాట చెప్పడానికి పల్లెకు నేనే వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు. ఆ చలికాలం మందలకు బొబ్బరోగం వచ్చి చాలా గొర్రెలు పోయాయట. లెక్క పెట్టించినందుకే అని ఊళ్ళో కొందరు పోలయ్య మామను సూటిపోటి మాటలన్నారు. ఆయన నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. "నేను చూళ్ళా గదా. గుట్ట వైపే ఉంటి" అన్నాడు, అదే తన ధైర్యమన్నట్టు.

రైలు రాదని చెప్పాను. గురవమ్మ అత్త అదే అరుగు మీద, అదే కాలు చాపుకుని కూర్చుని ఉంది. పోయి వచ్చినాక మనసు నిలబడటం లేదని, చూడకముందే నయంగా ఉండిందని, చీకటి పడేవేళ ఎక్కడో కూత వినపడ్డట్టు ఉంటుందని అంతకుముందే చెప్పింది. ఇప్పుడు కదురు ఆపి నా మొహంలోకి చూసింది.

"ఒకటి అని రాసినారు గదా అబ్బయ్యా?"

"రాశామత్తా."

"ఒకటి చాల్లేదా?"

పాత పట్టాలు

ఆమె మళ్ళీ గిద్దలూరు పోలేదు. ఆ పల్లెకు రోడ్డు పడి బస్సు వచ్చేనాటికి ఆమె లేదు. పోలయ్య మామా లేడు.

ఇప్పుడు మా దొనకొండ లైనుకు ఎట్టకేలకు డబ్బొచ్చింది. చిన్న పట్టాలు తీసి పెద్ద పట్టాలు వేస్తున్నారు. సంతోషమే. అయినా మొన్న తర్లుపాడు స్టేషనుకు వెళ్ళి, ఊడదీసిన పాత పట్టాలు గుట్టగా పడి ఉంటే వాటి పక్కన చాలాసేపు నిలబడ్డాను. తుప్పు పట్టినా గట్టిగానే ఉన్నాయి. ఇక్కడి నుంచి పోలయ్య మామ పల్లె గుట్ట వారకు ఈ ఇనుమే సరిపోయేదనిపించింది. పాతసామాను కింద వేలం వేస్తారని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు.

వస్తుంటే గేటు దగ్గర ఒక మంద కొత్త లైను దాటుతోంది. పాత అలవాటు కొద్దీ ఒకటి, రెండు అని లోపల మొదలుపెట్టాను. గుర్తొచ్చి ఆపేశాను. చివరి గొర్రె దాటేదాకా కొండ వైపు తిరిగి నిలబడ్డాను.

అమ్మాయ్, నీ కంప్యూటర్లో ఎన్ని గడులుంటాయో నాకు తెలియదు. నేను చెప్పగలిగింది ఇంతే. ఏదో ఒక మెట్ట ఊరి పేరుకెదురుగా ఎప్పుడైనా ఒకటి అనే అంకె కనబడితే, చిన్నదే కదా అని దాటిపోకు. ఆ ఒకటికి ఒక కాలు బాగాలేదు. గిద్దలూరులో కూతురుంది.